నమ్మదగిన అంకె

సీసా మీద అంటించిన చీటీలో "గడోలినియం లోహం, శుద్ధత 99.9 శాతం" అని ఉంది. వెయ్యి గ్రాముల్లో మలినం ఒక్క గ్రాము అన్నమాట. ఇంకేం కావాలి, బంగారం దుకాణంలో కూడా ఇంత శుద్ధమైన సరుకు రోజూ దొరకదు కదా అనిపిస్తుంది.

ఆ ఒక్క గ్రాము మలినం ఆక్సిజన్ అనుకుందాం. గడోలినియం పరమాణు భారం సుమారు 157, ఆక్సిజన్‌ది 16. ఒక గడోలినియం పరమాణువు బరువుకు దాదాపు పది ఆక్సిజన్ పరమాణువులు సరితూగుతాయి. కాబట్టి బరువులో వెయ్యికి ఒక వంతు ఉన్న ఆక్సిజన్, పరమాణువులను లెక్కపెడితే వందకు ఒకటి అవుతుంది. మలినం హైడ్రోజన్ అయితే వ్యవహారం మరీ ముదురుతుంది. దాని పరమాణు భారం ఒకటే. బరువులో పదివేలకు ఒక వంతు హైడ్రోజన్ చేరినా, పరమాణువుల్లో దాని వాటా ఒకటిన్నర శాతం దాటుతుంది. లోహం గుణాలు ఆధారపడేది పరమాణువుల పొందిక మీద. చీటీ మీద వేసేదేమో బరువు లెక్క.

ఇంకో మెలిక ఉంది. గడోలినియం వంటి లోహాల విషయంలో 99.9 అనే అంకె చాలాసార్లు ఇతర లోహాలను మాత్రమే లెక్కలోకి తీసుకుని వేసినది. గాలి నుంచో, కరిగించిన మూస నుంచో లోపలికి దూరిన ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్, హైడ్రోజన్ ఆ లెక్కలోకే రావు. ఒక పరిశోధకుడు ఆ సీసాలోని ముక్కను తీసి దాని విద్యుత్ నిరోధాన్నో, అయస్కాంత గుణాన్నో ఎంతో జాగ్రత్తగా కొలిచి వ్యాసం రాస్తాడు. పరికరం మంచిదే, చేయి నిదానమైనదే, వచ్చిన అంకె మాత్రం గడోలినియానిది కాదు. గడోలినియంలో రెండు శాతం గాలి కలిసిన పదార్థానిది. మరో దేశంలో మరొకరు ఇంకో ముక్కను కొలిచి ఇంకో అంకె ప్రకటిస్తారు. మూడోవాడికి ఆ విలువ అవసరపడి గ్రంథాలయానికి వెళ్తే, ఒకే లోహానికి ఒకే గుణానికి అయిదారు విలువలు కనిపిస్తాయి. దేన్ని నమ్మాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే పనిగా పెట్టుకున్న ఒక చిన్న సంస్థ 1966లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ పట్టణంలో పుట్టింది. పేరు రేర్ ఎర్త్ ఇన్ఫర్మేషన్ సెంటర్, విరళ మృత్తికల సమాచార కేంద్రం. గనులూ కర్మాగారాలూ అయస్కాంతాలూ వార్తల్లోకెక్కుతున్న ఈ కాలంలో, వాటన్నిటి వెనకా నడిచిన ఈ కేంద్రం గురించి తెలుసుకోవడం అవసరం.

పోలికలే తలనొప్పి

ఆవర్తన పట్టికలో లాంథనం (57) నుంచి లుటీషియం (71) వరకు ఉన్న పదిహేను మూలకాలు, వాటితోపాటు స్కాండియం, ఇట్రియం కలిపి మొత్తం పదిహేడింటిని విరళ మృత్తికలు అంటున్నాం. పేరులో విరళం అని ఉన్నా ఇవి అంత అరుదైనవేమీ కావు. నేల పొరల్లో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంటుంది. ఈ కుటుంబంలో బాగా తక్కువగా దొరికే థూలియం, లుటీషియం కూడా వెండి కన్నా ఎక్కువే ఉన్నాయి. కష్టమంతా వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడంలోనే.

లాంథనం నుంచి లుటీషియం దాకా వెళ్తూంటే ఒక్కొక్క ఎలక్ట్రాన్ పెరుగుతుంది. ఆ పెరిగేది పరమాణువు అంచున కాదు, లోపలెక్కడో ఉన్న 4ఎఫ్ అనే అరలో. రసాయన చర్యల్లో పాల్గొనే బయటి ఎలక్ట్రాన్లు అన్నిటికీ ఒకేలా ఉంటాయి. అందుకే ద్రావణంలో ఇవన్నీ మూడు ధనావేశాలున్న అయాన్లుగా, ఒకే తల్లి పిల్లల్లా ప్రవర్తిస్తాయి. తేడా అల్లా పరిమాణంలో: కేంద్రకంలో ఆవేశం పెరిగేకొద్దీ అయాన్ కాస్త కాస్త కుంచించుకుపోతుంది. పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య వ్యాసార్థంలో తేడా ఒక శాతం చుట్టూ ఉంటుంది, అంతే.

ఈ కొద్ది తేడాను పట్టుకుని వేరుచేయడానికి పాతకాలం రసాయన శాస్త్రవేత్తలు లవణాలను మళ్ళీమళ్ళీ స్ఫటికీకరించేవారు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో చార్లెస్ జేమ్స్ శుద్ధమైన థూలియం కోసం దాని బ్రోమేట్ లవణాన్ని దాదాపు 15,000 సార్లు స్ఫటికీకరించారు. ఆ ఫలితం 1911లో వెలువడింది. ఒక మూలకం చిటికెడు దక్కడానికి అంత శ్రమ పడితే, దాని గుణాలన్నీ ఓపిగ్గా కొలిచేంత సరుకు ఎవరి దగ్గర ఉంటుంది? ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఈ లోహాల గురించి పుస్తకాల్లో ఉన్న అంకెల్లో చాలా భాగం మలినమైన ముక్కల మీద తీసినవే.

మొక్కజొన్న పొలాల మధ్య యురేనియం

ఏమ్స్ చుట్టూ మొక్కజొన్న పొలాలు. అక్కడి అయోవా స్టేట్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే ఫ్రాంక్ స్పెడింగ్‌కు విరళ మృత్తికల వర్ణపటాలంటే ఆసక్తి. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో అణుబాంబు పథకానికి శుద్ధమైన యురేనియం లోహం కావలసివచ్చి, ఆ పని ఆయన మీద పడింది. స్పెడింగ్, హార్లీ విల్హెల్మ్ బృందం యురేనియం ఫ్లోరైడ్ నుంచి లోహం తీసే చవకైన పద్ధతి కనిపెట్టింది. 1942 డిసెంబరు 2న షికాగోలో నడిచిన తొలి అణు రియాక్టరులోని యురేనియం లోహంలో సుమారు మూడో వంతు ఏమ్స్ నుంచి వెళ్ళిందే. యుద్ధం ముగిసేలోపు అక్కడ వెయ్యి టన్నుల దాకా తయారైంది. ఆ పునాది మీదే 1947లో ఏమ్స్ ప్రయోగశాల అధికారికంగా వెలిసింది.

యురేనియం పరమాణువు చీలినప్పుడు పుట్టే ముక్కల్లో విరళ మృత్తికలు గణనీయంగా ఉంటాయి. వాటిలో సమేరియం, గడోలినియం వంటివి న్యూట్రాన్లను విపరీతంగా మింగేసి రియాక్టరు జోరు తగ్గిస్తాయి. అణుశక్తి వ్యవహారం చూసేవాళ్ళకు వీటి గురించి తెలుసుకోక తప్పలేదు. స్పెడింగ్ తన పాత ఆసక్తికి తిరిగి వచ్చారు, ఈసారి చేతిలో అయాన్ వినిమయ పద్ధతితో.

పొడవాటి గాజు గొట్టాల నిండా రెజిన్ పూసలు నింపుతారు. విరళ మృత్తికల మిశ్రమాన్ని పైభాగాన పట్టించి, ఈడీటీఏ అనే ద్రావణాన్ని నెమ్మదిగా పంపిస్తారు. ఈడీటీఏ చిన్న అయాన్లను కాస్త గట్టిగా పట్టుకుంటుంది. అందుకని లుటీషియం వైపువి ముందుకు సాగుతాయి, లాంథనం వెనకబడుతుంది. దిగే దారిలో అయాన్లు రెజిన్‌కు అంటుకోవడం, విడిపోవడం వేలసార్లు జరుగుతుంది. చార్లెస్ జేమ్స్ చేత్తో చేసిన పనే గొట్టంలో దానంతటదే జరిగిపోతుంది. అడుగుకు వచ్చేసరికి ఒక్కో మూలకం ఒక్కో పట్టీగా వేరుపడి దిగుతుంది. తర్వాత ఫ్లోరైడుగా మార్చి, టాంటలం మూసలో కాల్షియంతో కలిపి కాలిస్తే లోహం చేతికొస్తుంది. మిల్లీగ్రాముల్లో దొరికే మూలకాలు కిలోల లెక్కన తయారయ్యాయి.

సరుకు చవక కాగానే ప్రపంచమంతా కొలతలు మొదలుపెట్టింది. వ్యాసాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మూలకాలను విడదీయడం ఒక కొలిక్కి వచ్చింది, ఇక అంకెలను విడదీయాల్సిన పని మిగిలింది.

శాస్త్రవేత్తే గుమాస్తా

ఇది ఒక్క విరళ మృత్తికల బాధే కాదు. 1960ల మొదట్లో అన్ని శాస్త్రాల్లోనూ ప్రచురణలు ఎవరూ చదవలేనంతగా పెరిగిపోయాయి. ఓక్ రిడ్జ్ ప్రయోగశాల అధిపతి ఆల్విన్ వైన్‌బర్గ్ నాయకత్వంలో అమెరికా అధ్యక్షుడి విజ్ఞాన సలహా సంఘం ఈ సంగతి పరిశీలించి 1963 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. దాని సారాంశం ఇది: కాగితాలు భద్రపరచడానికి గ్రంథాలయాలు ఉన్నాయి. చదివి, పోల్చి, తప్పొప్పులు తేల్చి, అడిగినవాడికి ఒక్క ముక్కలో జవాబు చెప్పే కేంద్రాలు ఒక్కో విషయానికి ఒకటి చొప్పున కావాలి. వాటిని ఆ విషయంలో స్వయంగా పరిశోధన చేస్తున్నవాళ్ళే, ప్రయోగశాలల పక్కనే ఉండి నడపాలి.

విరళ మృత్తికలకు అలాంటి చోటు ఏమ్స్ కన్నా మెరుగైనది లేదు. నడిపే మనిషి కూడా అక్కడే ఉన్నారు. డెట్రాయిట్‌లో 1930లో పుట్టిన కార్ల్ గ్‌ష్నైడ్నర్ ఏమ్స్‌లోనే డాక్టరేట్ చేశారు. తర్వాత లాస్ అలమోస్‌లో ప్లుటోనియం మీద పనిచేశారు. 1961లోనే విరళ మృత్తికల మిశ్రలోహాల మీద అప్పటిదాకా వచ్చిన సమాచారాన్నంతా జల్లెడ పట్టి ఒక పుస్తకం వెలువరించారు. 1963లో ఏమ్స్‌కు తిరిగి వచ్చారు. అమెరికా అణుశక్తి సంఘం మద్దతుతో 1966లో సమాచార కేంద్రం తెరిచి మూడు దశాబ్దాలపాటు దాన్ని నడిపారు. తర్వాతి కాలంలో ప్రభుత్వ సొమ్ముకు బదులు విశ్వవిద్యాలయం, వివిధ దేశాల విరళ మృత్తికల పరిశ్రమలు ఇచ్చే విరాళాలే దానికి ఆధారమయ్యాయి.

కేంద్రం చేసే పనులు చూడ్డానికి మామూలే. వచ్చిన ప్రతి వ్యాసాన్నీ సేకరించి విషయవారీగా సూచిక తయారుచేయడం, ఉత్తరం రాసినవాళ్ళకూ ఫోన్ చేసినవాళ్ళకూ జవాబివ్వడం, ఎంచుకున్న అంశాల మీద సమీక్షలు ప్రచురించడం. మూడు నెలలకోసారి "రిక్ న్యూస్" అనే చిన్న పత్రిక వెలువడేది. కొత్త సమ్మేళనాలు, కొత్త ఉపయోగాలు, రాబోయే సమావేశాలు, వచ్చిన పుస్తకాలు, పరిశ్రమ కబుర్లు అందులో ఉండేవి. భౌతికశాస్త్రంవాడు ఏం చేస్తున్నాడో గని యజమానికి, గనిలో ఏం జరుగుతోందో రసాయన శాస్త్రవేత్తకు ఆ పుటలే చెప్పేవి. 1978లో గ్‌ష్నైడ్నర్, లెరాయ్ ఐరింగ్ కలిసి మొదలుపెట్టిన విరళ మృత్తికల హ్యాండ్‌బుక్ సంపుటాలు అరవై దాటి నేటికీ ఈ రంగానికి ప్రామాణికం.

ఒక అంకెను తూచడం

జవాబు చెప్పే ముందు లోపల జరిగే తతంగం ఎలాంటిదో చూద్దాం. ఎవరో ఒక లోహం ద్రవీభవన స్థానం అడిగారనుకోండి. బల్ల మీద అయిదు వ్యాసాలు, అయిదు ఉష్ణోగ్రతలు. సగటు తీసి పంపిస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ నాలుగు తప్పులకు ఒక ఒప్పును కలిపి భాగిస్తే వచ్చేది అయిదో తప్పే.

మొదట చూడవలసింది లోహం ఎక్కడిది, దానిలో ఆక్సిజన్, హైడ్రోజన్ ఎంతో కొలిచారా, ఆ లెక్క బరువులో ఇచ్చారా పరమాణువుల్లో ఇచ్చారా అన్నది. రెండోది, దేనిలో పెట్టి కరిగించారు? కరిగిన విరళ మృత్తిక లోహం టాంటలం మూసను కూడా కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మూడోది ఎవరికీ తట్టనిది: ఏ ఉష్ణోగ్రత కొలమానం? అంతర్జాతీయ కొలమానాన్నే మధ్యమధ్య సవరించారు. బంగారం కరిగే ఉష్ణోగ్రత 1948 కొలమానంలో 1063 డిగ్రీలు, 1968లో 1064.43, 1990లో 1064.18. బంగారం మారలేదు, అంకె మారింది. 1955 నాటి వ్యాసాన్నీ 1975 నాటి వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టాలంటే ముందు రెండింటినీ ఒకే కొలమానానికి దించాలి.

సీరియం సంగతి వచ్చేసరికి ఇవన్నీ సరిచూసుకున్నా చాలదు. గది ఉష్ణోగ్రతలోనే దాన్ని గట్టిగా అదిమితే, ఏడెనిమిది వేల వాతావరణాల పీడనం దగ్గర స్ఫటికం అమరిక అలాగే ఉండి ఘనపరిమాణం మాత్రం ఉన్నట్టుండి 15 శాతం దాకా పడిపోతుంది. చల్లబరిస్తే ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుంది. ఆ మార్పు పూర్తిగా జరగదు. ఎంత వేగంగా చల్లార్చారు, అంతకుముందు ఎన్నిసార్లు చల్లార్చి వేడిచేశారు అన్నదాన్ని బట్టి ముక్కలో ఏ రూపం ఎంత ఉందో తేలుతుంది. కాబట్టి "సీరియం నిరోధం ఇంత" అనే వాక్యం, ఆ ముక్క పూర్వచరిత్ర చెప్పకపోతే, అసంపూర్ణం. ఇది తెలియాలంటే కొలిమి దగ్గర నిలబడి సీరియాన్ని చల్లార్చిన అనుభవం ఉండాలి. వైన్‌బర్గ్ సంఘం శాస్త్రవేత్తలే కూర్చోవాలి అన్నది ఇందుకే.

ఒకటిన్నర శాతం ఖరీదు

మలినం లెక్క ఎంత దూరం తీసుకువెళ్తుందో 1997లో గ్‌ష్నైడ్నర్ ప్రయోగశాలలోనే బయటపడింది. గడోలినియాన్ని అయస్కాంత క్షేత్రంలో పెడితే వేడెక్కుతుంది, క్షేత్రం తీసేస్తే చల్లబడుతుంది. ఈ ప్రభావం అది అయస్కాంతత్వం కోల్పోయే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర బలంగా ఉంటుంది కనుక, దాన్ని పట్టుకుని గ్యాసు లేని ఫ్రిజ్ తయారుచేయొచ్చు. విస్కాన్సిన్‌లోని ఆస్ట్రొనాటిక్స్ కార్పొరేషన్‌తో కలిసి అలాంటి నమూనా యంత్రాన్ని నడిపించి చూపారు. అదే ఏడాది ఆయనా, విటాలీ పెచార్స్కీ కలిసి గడోలినియం, సిలికాన్, జెర్మేనియం కలిసిన ఒక సమ్మేళనంలో ఈ ప్రభావం మామూలు గడోలినియంలో కన్నా దాదాపు రెండింతలు ఉందని ప్రకటించారు.

బజారులో దొరికే గడోలినియంతో అదే సమ్మేళనం చేస్తే ఆ పెద్ద ప్రభావం కనిపించలేదు. ఏమ్స్‌లో శుద్ధి చేసిన లోహం వాడితేనే వచ్చింది. కార్బన్ వంటి చిన్న మలినాలే దాన్ని చంపేస్తున్నాయని తేలింది. బజారు లోహంతో మొదలుపెట్టినవాడు ఆ సమ్మేళనాన్ని కొలిచి, ఇందులో విశేషం లేదని రాసి పక్కన పెట్టేసేవాడు. ఆ వ్యాసం సమాచార భాండాగారంలో చేరి, తర్వాతివాళ్ళను ఆ దారిలోకి రాకుండా ఆపేది కూడా. చెడ్డ అంకె అడ్డుకునేది ఇలాంటి వాటినే.

మూత పడిన తర్వాత

కేంద్రం పుట్టిన 1966లోనే కార్ల్ స్ట్రనాట్ అనే శాస్త్రవేత్త అమెరికా వైమానిక దళ ప్రయోగశాలలో ఇట్రియం, కోబాల్ట్ కలిసిన సమ్మేళనం గుణాలు ప్రకటించి శాశ్వత అయస్కాంతాల కొత్త యుగానికి తెర తీశారు. దాని వెనకే సమేరియం–కోబాల్ట్ అయస్కాంతం వచ్చింది. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా నియోడిమియం–ఇనుము–బోరాన్ అయస్కాంతాన్ని కనిపెట్టారు. ఈనాటి విద్యుత్ కారు మోటారులో, గాలిమర జనరేటరులో, హార్డ్ డిస్కులో తిరిగేది దాని బలంతోనే.

ఉపయోగాలు పెరుగుతూంటే తయారీ మాత్రం అమెరికా నుంచి తరలిపోయింది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని ఒకప్పుడు ప్రపంచానికి పెద్ద దిక్కు. 1960లలో రంగుల టీవీ తెర మీద ఎరుపు వెలిగించిన యూరోపియం అక్కడిదే. చైనాలోని బయాన్ ఒబో నుంచి వచ్చే చవక సరుకుతో పోటీపడలేక, పర్యావరణ చిక్కులు కూడా తోడై, 2002లో తవ్వకం ఆగింది. ఆ కొత్త శతాబ్ది తొలి ఏళ్ళలోనే ఏమ్స్ సమాచార కేంద్రం కూడా ముగిసిపోయింది. పరిశ్రమ వెళ్ళిపోయాక విరాళాలిచ్చేదెవరు, ప్రశ్నలు అడిగేదెవరు?

2010 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పడానికి ఎనభయ్యేళ్ళకు దగ్గరపడిన గ్‌ష్నైడ్నర్‌ను పిలిచారు. గనులు మళ్ళీ తెరవొచ్చు గానీ, ఈ లోహాలతో పనిచేయడం తెలిసిన మనుషులు తరిగిపోయారన్నదే ఆయన వినిపించిన ఆందోళన. ఆ ఏడాది శరత్తులోనే తూర్పు చైనా సముద్రంలో పడవల గొడవ తర్వాత జపాన్‌కు చైనా విరళ మృత్తికల ఎగుమతులు నిలిచిపోయి ధరలు ఆకాశానికి ఎగిశాయి. 2013లో అమెరికా ఇంధన శాఖ అయిదేళ్ళకు 12 కోట్ల డాలర్లతో కీలక పదార్థాల పరిశోధనకు ఒక సంస్థను ఏర్పాటుచేసి, దాని నాయకత్వం మళ్ళీ ఏమ్స్‌కే అప్పగించింది. గ్‌ష్నైడ్నర్ 2016లో కన్నుమూశారు.

మన తీరానికి వస్తే

మన దేశంలో విరళ మృత్తికలు ముఖ్యంగా మోనజైట్ రూపంలో సముద్రపు ఇసుకలో ఉన్నాయి. కన్యాకుమారి దగ్గర మణవాలకురిచ్చిలో 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని గుర్తించాడు. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది. దేశంలోని మోనజైట్ నిల్వల్లో అతి పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరానిదే. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం ఇసుకల్లో అది కలిసి ఉంది. 2023లో విశాఖపట్నంలో ఏటా 3,000 కిలోల సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాలు తయారుచేసే కర్మాగారాన్ని ఆ సంస్థే నెలకొల్పింది.

ఆ కర్మాగారంలో జరగగల ఒక చిన్న విషయంతో మొదటి లెక్కకు ఇంకో ముఖం కనిపిస్తుంది. అయస్కాంతం చేసే ముందు మిశ్రలోహాన్ని మైక్రాన్ల సైజు పొడిగా నూరుతారు. అంత మెత్తటి పొడి గాలి తగిలితే ఊరుకోదు. రెండు సమేరియం పరమాణువులు మూడు ఆక్సిజన్లను పట్టుకుని ఆక్సైడ్‌గా మారతాయి. బరువుల్లో చూస్తే ఒక గ్రాము ఆక్సిజన్ ఆరు గ్రాములకు పైగా సమేరియాన్ని కట్టిపడేస్తుంది. కొలిమిలోకి వెళ్ళేది సూత్రంలో రాసుకున్న పాళ్ళున్న మిశ్రమం కాదు, సమేరియం తక్కువైన మిశ్రమం. దాంతో అయస్కాంతం ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. ఎంత ఆక్సిజన్ చేరుతుందో ముందే తెలిస్తే అంతమేరకు సమేరియాన్ని అదనంగా వేసుకోవచ్చు. ఆ "ఎంత" అన్నది ఏ వ్యాసంలో, ఎంత మెత్తటి పొడికి, ఎంత తేమలో కొలిచారో తేల్చి చెప్పగలిగినవాడు ఆ కర్మాగారానికి కొలిమి అంత ముఖ్యుడు.

ఇప్పుడు అంకెలకు కొదవ లేదు. లక్షల వ్యాసాల్లోని విలువలను యంత్రాలు క్షణాల్లో ఏరి పట్టికలు చేసిస్తున్నాయి, ఆ పట్టికలను చదివి కొత్త పదార్థాలను ఊహిస్తున్నాయి. ముక్కలో హైడ్రోజన్ ఎంత, మూస ఏది, ఎన్నిసార్లు చల్లార్చారు అన్న వివరాలు మూల వ్యాసంలోనే లేకపోతే ఏ యంత్రమూ వాటిని పుట్టించలేదు. ఏమ్స్ కేంద్రం ముప్ఫై ఏళ్ళకు పైగా చేసిన పని ఇదే: అంకెను అందించడంతోపాటు అది ఎంతవరకు చెల్లుతుందో పూచీపడి చెప్పడం. గనికి అనుమతులూ కర్మాగారానికి నిధులూ ఇచ్చే ప్రణాళికలో అలా పూచీపడే నలుగురు శాస్త్రవేత్తల జీతాలు చాలా చిన్న పద్దు. అమెరికా ఆ చిన్న పద్దు కొట్టేసిన పదేళ్ళకే దాని విలువేమిటో తెలుసుకుంది. ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న మనం ఆ పద్దును మొదటినుంచే రాసుకోవచ్చు.